గురిమందులు వాడు రోగుల చర్మము, జుట్టు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

రాచపుండు, అనగా కాన్సరు వ్యాధికి మందు అనగానే మన గ్రామములలో అందరి కన్నులకును కట్టునది బోడితల. రోగికి తల వెంట్రుకలు రాలిపోవుననియు, చికిత్స ముగిసిన పిదప మరల మొలచుననియు నేడు చిన్నపిల్లలు కూడ చెప్పగలరు. ఈ మాటను ఊరూర చాటినవారిలో మేమును ఉన్నాము. కొన్ని యేండ్ల క్రిందట మా కార్యాలయమునుండి వెలువడిన ఒక కరపత్రములో, కాన్సరు మందు పుచ్చుకొన్నచో జుట్టు రాలుట సహజమని వ్రాసి అంతటితో ఊరకుంటిమి. అది సగము సత్యము. మిగిలిన సగము చెప్పకపోవుటవలన కలిగిన చిక్కు నొకదానిని మేము స్వయముగా చూచితిమి. ఈ వ్యాసమునకు కారణము అదియే.

త్రాగునీటి ప్రచారమునకై కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు పోయినపుడు వార్డు సభ్యురాలొకరు మమ్ము ఒక ఇంటికి తీసికొనిపోయిరి. ఆ యింటి గృహిణికి ఏబది యేండ్లుండును. చుట్ట, బీడీ ఎరుగని మనిషి. ఐనను ఊపిరితిత్తులలో కాన్సరు వచ్చినది. పట్టణమందలి వైద్యులు గడ్డను పరీక్షింపించి, జెఫిటినిబ్ అను మాత్రను దినమున కొకటి చొప్పున వ్రాసి ఇంటికి పంపిరి. పదియవ దినమున ముక్కు ప్రక్కల, చెంపల మీద, రొమ్ము మీద ఎర్రని పొక్కులు లేచి, వాని కొనలయందు చీము చేరినది. ఇరుగుపొరుగువారు చూచి అమ్మవారు పోసినదనిరి. గుమ్మమునకు వేపమండలు కట్టిరి. అమ్మవారు పోసిన యింట మందు మింగరాదన్నది తరతరముల ఆచారము కావున మాత్రల పెట్టె అటుకెక్కినది. వీధికుళాయికడ ఆమె బిందెకు దూరముగా తక్కిన బిందెలు జరిగినవి.

మందు మానిన రెండు మూడు వారములలో పొక్కులు తగ్గుముఖము పట్టెను. దానితో అందరికిని అది అమ్మవారేయని రూఢి యైనది! అంతేకాక, “జుట్టు ఒక్క వెంట్రుకైనను రాలలేదు గదా, నీకు కాన్సరని ఎవరు చెప్పిరమ్మా?” అని కొందరు ఓదార్చిరి. ఎవరికైనను అట్టి మాట తీయగానే ఉండును. ఆరవ వారమున దగ్గు తిరుగబెట్టినది. అప్పుడు ఆ వార్డు సభ్యురాలు వచ్చి, “అక్కా, మాత్రల పెట్టె ఒకసారి చూపుము” అని అడిగి, లెక్కించి చూడగా ముప్పది మాత్రల పెట్టెలో ఇరువది అట్లే యున్నవి.

ఈ ఉదంతములో ఎవరిని తప్పుపట్టవలెను? ఆమెను కాదు. పొరుగువారు కూడ తమకు తెలిసినంతలో మేలే కోరిరి. ఆసుపత్రిలో చర్మమును గూర్చి చెప్పియుందురేమో. కాన్సరని విన్న దినమున మనిషి చెవికి ఎన్ని మాటలు ఎక్కును? ఈ మందులు పుచ్చుకొనువారు ఆసుపత్రి మంచముపై ఉండరు, మన వీధులలోనే ఉందురు. కావున వారి చర్మములో వచ్చు మార్పును వైద్యునికంటె ముందు చూచునది ఊరు. ఊరు దానిని ఏమని పిలుచునో దానిని బట్టియే రోగి మందు మింగుటయో మానుటయో జరుగుచున్నది.

గురి తప్పుటయా, గురి తగులుటయా?

కలుపుమందు వాడు రైతులకు ఈ విషయము సులభముగా బోధపడును. పచ్చనిదెల్ల మాడ్చివేయు కలుపుమందు ఒక రకము. వరిని విడిచి వెడల్పాకు కలుపును చంపు 2,4-డి వంటిది మరియొక రకము. పాత కాన్సరు మందులు, అనగా కీమోథెరపీ మందులు, మొదటి రకమునకు దగ్గరివి. అవి త్వరత్వరగా విభజన చెందు కణములను దెబ్బతీయును. జుట్టు కుదుళ్ళలోని కణములు అట్టివే గనుక జుట్టు రాలును. ఇటీవలి మందులు రెండవ రకమునకు చెందినవి. కాన్సరు కణము పెరుగుటకు ఆధారమైన ఒక్క కీలును వెదకి దానినే పట్టుకొనును. వైద్యులు వీనిని టార్గెటెడ్ థెరపీ అందురు. మనము గురిమందులు అనుకొందము.

ఐతే వరిచేనిపై చల్లిన 2,4-డి గాలికి కొట్టుకొనిపోయి ప్రక్కనున్న ప్రత్తిపై పడినచో ప్రత్తియాకులు ముడుచుకొనిపోవును. అచ్చట మందు గుణము మారలేదు. ఆ మందునకు లొంగు స్వభావము ప్రత్తికిని కలదు, అంతే. గురిమందుల విషయమున ఆ ప్రత్తిచేను మన చర్మము.

దీని వెనుక ముచ్చటైన చరిత్ర యొకటి కలదు. అమెరికాలో స్టాన్లీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకల లాలాజలగ్రంథులనుండి తీసిన పదార్థము నొకదానిని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించి చూడగా, వాని కనురెప్పలు సహజమైన గడువుకంటె ముందే విడివడెను, పండ్లు ముందే మొలచెను. 1962లో ఆయన ఈ పరిశోధనను ప్రకటించెను. పైచర్మమును పెంచునది గనుక ఆ పదార్థమునకు ఆ యర్థము వచ్చు పేరే పెట్టిరి. 1986లో కోహెన్‌నకు నోబెల్ బహుమానము లభించినది. ఆ పదార్థము వచ్చి తగులుకొను కొక్కెములు మన చర్మకణములపైనను, వెంట్రుకల కుదుళ్ళలోను, గోళ్ళ మొదళ్ళయందును ఉన్నవి. ఈ కొక్కెమునకు ఇ.జి.ఎఫ్.ఆర్. అని పొట్టిపేరు. కొన్ని ఊపిరితిత్తుల కాన్సరులలో ఈ కొక్కెము చెడి, ఎవరును తాకకయే ఎల్లవేళల “పెరుగుము, పెరుగుము” అని ఆజ్ఞ ఇచ్చుచుండును. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఒసిమెర్టినిబ్ మాత్రలును, ప్రేగు కాన్సరునకు ఇచ్చు సెటుక్సిమాబ్ ఇంజక్షనును ఆ కొక్కెమును మూయును. చర్మముమీది మంచి కొక్కెము కూడ కొంత మూతపడుటచేత చర్మము ఎర్రబారి పొక్కును.

కావున ఆ పొక్కులు మందు వికటించినదనుటకు గుర్తు కావు. మందు శరీరములో పనిచేయుచున్నదనుటకే అవి గుర్తు. పొక్కులు రానివారికి మందు పనిచేయుట లేదని మాత్రము అనుకొనరాదు. కొందరికి అసలే రావు, ఒసిమెర్టినిబ్ వాడువారికి తక్కువగా వచ్చును.

పొక్కులు: ఏది చేయవలెను, ఏది చేయరాదు

సాధారణముగా ఈ పొక్కులు మందు మొదలిడిన ఒకటి రెండు వారములలో లేచి, మూడు నాలుగు వారముల వరకు పెరిగి, ఆపైన క్రమముగా తగ్గును. ముఖము, తలమాడు, రొమ్ము, వీపు పైభాగము వీని తావులు. ఆటలమ్మ ఐనచో జ్వరము వచ్చును, నీటిబొబ్బలు పొట్టమీదను ఒడలంతటను లేచి, కొలది దినములలో చెక్కుకట్టును. సందేహమున్నచో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందు చూపి తేల్చుకొనవలెను గాని వీధియరుగుపై తీర్పు చెప్పరాదు. మందువలన వచ్చిన పొక్కులు అంటువ్యాధి కావు. ఒకే కంచమున తినినను, ఒకే దుప్పటి కప్పుకొనినను, ఒకే కుళాయి పట్టుకొనినను ఇతరులకు రావు. ఈ వాక్యమును గ్రామసభలో ఒకసారి బిగ్గరగా చెప్పుటకు పైసా ఖర్చు లేదు. రోగి పేరు మాత్రము ఎత్తరాదు. ఆ వ్యాధి సంగతి చెప్పుకొనుటకు గాని దాచుకొనుటకు గాని హక్కు రోగిదే.

ఇవి మొటిమలవలె కనబడును గాని మొటిమలు కావు. కొట్టులో దొరకు మొటిమల మందులు చర్మమును మరింత ఎండగట్టి మంటపెట్టును. గజ్జి, తామర అనుకొని మందులకొట్టువారిచ్చు గొట్టపుమందు పూయుట మరియొక పొరపాటు. సున్నిపిండితో రుద్దుట, కుంకుడుకాయల రసముతో తలయంటుట, వేడినీళ్ళ స్నానము ఈ దినములలో మానవలెను. గోరువెచ్చని నీరు, వాసన లేని మెత్తని సబ్బు చాలును. స్నానమైన వెంటనే, ఒడలు తడిగా ఉన్నపుడే, చర్మమునకు తేమ నిలుపు పూతమందు రాయవలెను. పొడిబారిన కాళ్ళుచేతులకు కొబ్బరినూనె రాచుకొన్నను తప్పులేదు. చీముపొక్కులపై మాత్రము వైద్యుని అడుగక ఏదియు పూయరాదు.

పొక్కులు వచ్చిన పిదప పరుగులెత్తుటకంటె ముందే జాగ్రత్తపడుట మేలని ఋజువైనది. ప్రేగు కాన్సరునకు ఇదే జాతి మందు పుచ్చుకొనుచున్న 95 మందిపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితములు 2010లో వెలువడినవి. మొదటినుండియే తేమపూత, ఎండపూత, తేలికపాటి స్టీరాయిడు పూత, డాక్సీసైక్లిను మాత్ర వాడినవారిలో ఇబ్బందికరమైన చర్మబాధ 29 శాతమునకు కలుగగా, బాధ వచ్చిన తరువాత చికిత్స పొందినవారిలో 62 శాతమునకు కలిగినది. స్టీరాయిడు పూతయు, డాక్సీసైక్లినును వైద్యుడు వ్రాసినపుడే, వ్రాసినంత కాలమే వాడదగినవి. ఐనను “నాకు ముందుజాగ్రత్త మందులు వ్రాయుదురా?” అని మొదటి దినముననే వైద్యుని అడుగుమని రోగికి చెప్పి పంపవచ్చును.

ఎండ ఈ చర్మమునకు శత్రువు. పగలు పదిగంటలనుండి నాలుగుగంటల వరకు తలపాగ, గొడుగు, మోచేతుల క్రిందికి దిగు చొక్కా లేక రవిక తప్పనిసరి. కూలిపనికి పోక జరుగని రోగులును ఉందురు. ఉపాధిహామీ పనిచోట అట్టివారికి నీళ్ళందించుటయో, నీడపట్టున చేయదగిన మరియొక పనియో చూపుమని క్షేత్రసహాయకునికి చెప్పుట సభ్యులవలన కానిది కాదు.

వెంట్రుకలు, గోళ్ళు

ఈ జాతి మందులు వాడువారికి జుట్టు సాధారణముగా పూర్తిగా రాలదు. కొన్ని నెలలకు అది పలుచబడి, పెళుసై, ఉంగరములు తిరుగవచ్చును. కనురెప్పల వెంట్రుకలు మాత్రము దీనికి విరుద్ధముగా పొడవుగా, వంకరగా పెరుగును. స్త్రీలకు పై పెదవి మీదను చెంపల మీదను నూగు దట్టమగును. దీనిని చూచి నవ్వువారు కలరు. నవ్వు వినలేక ఇల్లు కదలని ఆడువారును కలరని ఆరోగ్యకార్యకర్తలు మాకు చెప్పిరి. ముఖముమీది వెంట్రుకలను పెరికివేయక, కత్తిరించుకొనుట క్షేమము. రెప్పవెంట్రుక లోపలికి వంగి కంటిని గీరుచున్నచో, కన్ను ఎర్రబడినచో కంటివైద్యునికి చూపవలెను.

తలనీలాల మ్రొక్కు సంగతి కూడ చెప్పవలెను. వ్యాధి తగ్గుముఖము పట్టగానే తిరుపతికో, ఇలవేల్పు గుడికో పోవుట మనవారికి వాడుక. తలమాడుపై పొక్కులున్నంత కాలము మంగలికత్తి తగిలినచో గాయములై చీముపట్టును. మాడు మానిన పిదప, వైద్యుని అడిగి మ్రొక్కు తీర్చుకొనవచ్చును. దేవుడు తొందరపెట్టడు.

రెండు నెలల పిదప గోళ్ళ ప్రక్కల వాచి, చీము చేరి, ముట్టుకొన్న ప్రాణము పోవునంత నొప్పి కలుగవచ్చును. గోరును మూలలు కోయక తిన్నగా కత్తిరింపవలెను. బిగువైన చెప్పులు పనికిరావు. అంట్లు తోముటకును నాట్లు వేయుటకును ఈ చేతులు తగవు.

రంగు మారుట

ఇమాటినిబ్ మాత్ర కథ వేరు. రక్తపు కాన్సరులలో ఒక రకమునకు 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, ఆ వ్యాధిని ప్రాణాంతక స్థితినుండి దినమున కింత మందుతో నెట్టుకొనిపోదగిన స్థితికి తెచ్చినది. దీని కొత్తరూపుపై పేటెంటు చెల్లదని మన సుప్రీముకోర్టు 2013 ఏప్రిల్ 1న తీర్పు చెప్పుటచే దేశీయ కంపెనీల చౌకమాత్రలకు అడ్డు తొలగినది. ఈ మందు చర్మమునకు రంగునిచ్చు కణముల కీలును కూడ కొంత మూయుటచేత, నల్లని మేనివారి చర్మము పలుకబారును, కొందరికి మచ్చలు మచ్చలుగా తెల్లబడును. కన్నుల క్రింద ఉబ్బు వచ్చును. ఊరివారు బొల్లి యందురు; మరికొందరు కుష్ఠు అని గుసగుసలాడుదురు. కుష్ఠుమచ్చపై స్పర్శ తగ్గును. ఈ మందువలన వచ్చిన పలుకదనములో స్పర్శ చెక్కుచెదరదు. చిత్రమేమనగా, ఇదే మందు వాడిన కొందరు వృద్ధులకు నెరసిన జుట్టు నల్లబడినదని ఫ్రాన్సు వైద్యులు 2002లో ప్రకటించిరి. ఆ యాశతో ఎవరును ఈ మాత్ర జోలికి పోరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

మూత్రపిండముల కాన్సరునకు ఇచ్చు సునిటినిబ్ మందుతో జుట్టు నల్లదనము కోల్పోవును. నాలుగు వారములు మ్రింగి రెండు వారములు మానుట దాని వాడుక విధానములలో ఒకటి. అట్లు వాడినవారి వెంట్రుకపై తెలుపు నలుపు పట్టెలు వరుసగా ఏర్పడును. ఇదే మందు చర్మమును పసుపుపచ్చ చేయును. అది ఎల్లప్పుడును పచ్చకామెర్లు కాదు. కంటి తెల్లగ్రుడ్డు కూడ పచ్చబడినచో మాత్రము కాలేయము చెడుచున్నదేమో యని వెంటనే రక్తపరీక్ష చేయింపవలెను.

అరచేతులు, అరికాళ్ళు, రేషనుకార్డు

కాలేయ, మూత్రపిండ కాన్సరులకు ఇచ్చు సొరాఫెనిబ్ పేరు మన ప్రాంతమువారికి మరియొక విధమున గుర్తుండదగినది. నెలకు రెండు లక్షల ఎనుబదివేల రూపాయలకు అమ్ముచుండిన ఆ మందును, తొమ్మిదివేల లోపు ధరకు తయారుచేయుటకై 2012 మార్చి 9న హైదరాబాదులోని నాట్కో కంపెనీకి నిర్బంధ అనుమతి లభించినది. మనదేశమున అట్టి అనుమతి అదియే మొదటిది.

ఈ మందు మొదటి వారములలోనే అరికాళ్ళయందు, మడమలయందు, చేతులయందు ఒత్తిడి పడుచోట్ల ఎర్రబారి, దళసరియై, కాయలు కాచి మండును. చెప్పులు లేక నడచు అలవాటున్నవారికిని, పార పట్టువారికిని ఈ బాధ ఎక్కువ. మందు మొదలిడుటకు ముందే కాళ్ళయందలి పాతకాయలను ఆసుపత్రిలో తీయించుకొనుట, మెత్తని చెప్పులు తొడుగుట, యూరియా కలిసిన పూతమందును వైద్యుడు చెప్పినట్లు రాచుట మేలు చేయును. ఇది పొలమున చల్లు యూరియా కాదని ఒక గ్రామములో మేము విడమరచి చెప్పవలసివచ్చినది.

అరచేతి చర్మము ఊడి కొత్తచర్మము వచ్చునపుడు వ్రేలిముద్రలు చెరగిపోవుట కలదు. కాపెసిటాబిన్ అను మందు వాడుచున్న సింగపూరు నివాసి యొకరిని వ్రేలిముద్రలు పడలేదని అమెరికా విమానాశ్రయములో కొన్నిగంటలు నిలిపివేసిరని 2009లో వైద్యపత్రికలో ప్రచురింపబడినది. ఆ మందు గురిమందు కాదు, కాని అరచేతులను పట్టు తీరు ఇట్టిదే. గురిమందులతో ముద్రలు చెరగుట తక్కువయే యైనను ఉన్నది. విమానాశ్రయము మనకు దూరము; రేషనుదుకాణము, పింఛను పంపిణీ మన వాకిటనే యున్నవి. యంత్రముపై వ్రేలు పడలేదని కాన్సరు రోగి బియ్యము లేక తిరిగిపోయినచో అది పంచాయతీకి తలవంపు. ముద్ర పడలేదను కారణముచే అర్హులకు రేషను నిరాకరింపరాదని కేంద్రప్రభుత్వము 2017లో ఆదేశించినది. కంటిపాప పరీక్ష, ఫోనునకు వచ్చు సంకేతసంఖ్య మున్నగు మార్గములు కలవు. చికిత్సలో ఉన్న రోగి ఆధారులో ఫోను సంఖ్య సరిగా నమోదైనదా యని ముందే చూచుకొనుట మంచిది.

ఎప్పుడు ఆలసింపరాదు

పై మార్పులలో పెక్కు ప్రాణాపాయకరములు కావు. కాని చర్మముపై పెద్ద బొబ్బలు లేచి తోలు ఊడుచున్నను, నోటిలోను కన్నులలోను మర్మావయవములందును పుండ్లు పడినను, పొక్కులతో పాటు జ్వరము వచ్చినను, ముఖము లేక నాలుక వాచి ఊపిరి ఆడకున్నను ఒక్క పూటయైనను నిలువక 108 వాహనమును పిలిపించి రోగిని ఆసుపత్రికి పంపవలెను. అట్టి సమయమున తరువాతి మాత్ర వేయుటకు ముందు వైద్యుని అడుగవలెను. బాధ ఎక్కువైనపుడు వైద్యుడే కొన్ని దినములు మందు ఆపించి, లేక మోతాదు తగ్గించి, మరల మొదలిడించుట కలదు. ఇది లెక్కతో కూడిన విరామము. రోగి తనంత తాను అటుకెక్కించుట వేరు. ఆ దినములలో చర్మము తేటపడును, లోపల గడ్డ పెరుగును.

నెలకొకసారి మాత్రమే పట్టణమునకు పోగల రోగికి సభ్యులు చేయదగిన సహాయమొకటి కలదు. పొక్కులు లేచిన దినమున, వెలుతురులో, రోగి అనుమతితో ఫోనుతో చిత్రము తీయించి ఉంచినచో, వైద్యుని కడకు పోవునాటికి అవి తగ్గినను ఆయనకు తెలియును. ఏ మందు ప్రభుత్వ ఆరోగ్యపథకము క్రింద వచ్చునో, ఏది రాదో ఆసుపత్రిలోని పథకపు సహాయకుని అడిగి వ్రాయించుకొని రావలెను. పూతమందుల ఖర్చు చిన్నదే యైనను, దానికొరకు మాత్ర మానినవారు కలరు.

మేము చెప్పిన డెల్టా గ్రామపు గృహిణికి వైద్యులు మాత్రను మరల మొదలిడించి, ఈసారి పూతమందులు కూడ ఇచ్చిరి. పొక్కులు మరల వచ్చినవి, మునుపటికంటె తక్కువగా. వార్డు సభ్యురాలు ప్రతి ఆదివారము పోయి మాత్రల పెట్టె లెక్కించుచున్నారు. కుళాయికడ తమ బిందెను ఆమె బిందె ప్రక్కనే పెట్టుచున్నారు. గత సంక్రాంతికి మేము పోయినపుడు దగ్గు తగ్గియున్నది. రెప్పవెంట్రుకలు పెరిగి కంటిలో గ్రుచ్చుకొనుచున్నవని చెప్పి, కంటివైద్యుడు ఏ వారమున మండలకేంద్రమునకు వచ్చునో కనుగొని చెప్పుమని ఆమె మమ్ము కోరినది. కనుగొని చెప్పితిమి.